శిలాజ పగడాన్ని వర్ణించడం, వర్గీకరించడం ఎలా: సిరొంచ, చంద్రపూర్ వైపు జియాలజీ విద్యార్థుల కోసం

సిరొంచ, అహేరి వైపు పిల్లలు ఫోన్‌లో రాయి ఫోటో పంపి "సార్, ఇది పగడమేనా?" అని అడుగుతుంటారు. మీ చేతిలోనూ అలాంటి రాయి ఉంటే ముందు అది ఎక్కడ దొరికిందో చెప్పండి. ప్రాణహిత ఒడ్డున అయితే, రాయి చూడకుండానే కాదని చెప్పొచ్చు. పగడం సముద్రపు జీవి. వడధం, కోట అనే ఊళ్ళ చుట్టూ ఉన్న గోండ్వానా శిలలు నదులూ సరస్సులూ పరిచిన ఇసుక, బురద గట్టిపడి ఏర్పడ్డవి. అందుకే అక్కడ రాయిగా మారిన మానులు, మంచినీటి చేపలు, డైనోసార్ ఎముకలు దొరుకుతాయి. 1975లో బారాపాసారస్ అని పేరు పెట్టిన పెద్ద డైనోసార్ కూడా ఈ కోట శిలల్లోదే. పగడం మాత్రం దొరకదు.

చంద్రపూర్ దగ్గర సిమెంటు కోసం తవ్వే పెన్‌గంగ సున్నపురాయి సముద్రంలో ఏర్పడిందే. కానీ దాని వయసు 54 కోట్ల ఏళ్ళకు పైమాటే. మనం గుర్తుపట్టగలిగే పగడాలు అప్పటికి పుట్టనే లేదు. ఇక యవత్మాల్, నాందేడ్ వైపు నల్లరాతి పొరల మధ్య చిక్కుకున్న మట్టిపొరల్లో మంచినీటి నత్తలుంటాయి. అదే నల్లరాతి గుల్లల్లో జియోలైట్ స్ఫటికాలు నడిమి నుంచి పుల్లల్లా విచ్చుకుని పెరుగుతాయి. అవి చూసి పగడం అనుకునేవాళ్ళు చాలామంది. సిలికాగా మారిన చెట్టు మానును అడ్డంగా కోస్తే కనిపించే గీతలు కూడా అలాగే మోసం చేస్తాయి.

మరి సాధన దేనిమీద? మీ కాలేజీ మ్యూజియంలో ఉన్న నమూనాల మీద. తమిళనాడులో కల్లక్కుడి క్వారీల దగ్గరి దాల్మియాపురం సున్నపురాయి, కచ్ఛ్ జురాసిక్ పొరలు, స్పితి లోయలోని పాత పొరలు: మన దేశంలో శిలాజ పగడాలకు పేరున్న చోట్లు ఇవి. స్టడీ టూర్‌కి వెళ్ళిన సీనియర్లు తెచ్చిన ముక్కలు చాలా డిపార్ట్‌మెంట్ల బీరువాల్లో మూలుగుతున్నాయి. పోల్చి చూడటానికి కదా అని ఈ కాలపు సముద్రపు పగడం ముక్కలు మాత్రం కొనకండి. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అమ్మడం, కొనడం నేరం. వడధం ఫాసిల్ పార్కులో ఏ రాయినీ జేబులో వేసుకోకూడదని వేరే చెప్పాలా?

ముందు చీటీ, తర్వాతే రాయి

నమూనా చేతికి రాగానే దానితో ఉన్న చీటీ చదవండి. ఊరు, క్వారీ లేదా వాగు పేరు, ఏ పొర, పొరలో కింద నుంచి ఎంత ఎత్తు, ఎవరు తెచ్చారు, ఎప్పుడు. ఇవి లేకపోతే ఆ రాయి చూడటానికి ఎంత బాగున్నా వర్గీకరణకు పనికొచ్చేది సగమే. ఎందుకంటే పగడాల్లో వయసు తెలిస్తేనే సగం దారులు మూసుకుపోతాయి. రుగోసా, ట్యాబులాటా అనే రెండు పాత వర్గాలు ఆర్డొవీషియన్‌లో (సుమారు 48 కోట్ల ఏళ్ళ కిందట) మొదలై పెర్మియన్ చివర్న (సుమారు 25 కోట్ల ఏళ్ళ కిందట) పూర్తిగా అంతరించాయి. ఈనాటి గట్టి పగడాల వర్గమైన స్క్లెరాక్టీనియా ఆ తర్వాత, మధ్య ట్రయాసిక్‌లో మొదలైంది. కాబట్టి ఇంకా తర్వాతిదైన క్రెటేషియస్ పొరలోంచి వచ్చిన దాన్ని రుగోసా అని రాస్తే ఎవరూ ఆ పేజీ దాటి చదవరు.

చీటీలో ఉన్నదంతా నోట్సులోకి ఎక్కించి, రాయికి ఒక నెంబరు ఇవ్వండి. ఒక మూల తెల్ల పెయింటు చుక్క పెట్టి, ఆరాక ఇండియన్ ఇంకుతో నెంబరు రాస్తే ఏళ్ళ తరబడి పోదు.

శుభ్రం చేయడం

మంచినీళ్ళు, మెత్తటి టూత్‌బ్రష్, సూది. చాలాసార్లు ఇంతే చాలు. తొందరపడి యాసిడ్‌లో వేయకండి. సున్నపురాయిలో ఉన్న పగడం కూడా సున్నమే కాబట్టి రాయితో పాటు పగడమూ కరిగిపోతుంది. ముందు పనికిరాని ఒక మూల చుక్క పలుచని యాసిడ్ వేసి చూడండి. చుట్టూ రాయి పొంగి, పగడం పొంగకపోతే అది సిలికాగా మారిందన్నమాట. అప్పుడు మాత్రమే పలుచని అసిటిక్ యాసిడ్‌లో ఉంచి రాయిని కరిగించవచ్చు. లోపలి పలకలు కూడా చెక్కుచెదరకుండా బయటపడతాయి.

కోసే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. వెలుగు ఎడమచేతి పైమూల నుంచి పడాలి, పక్కన స్కేలు ఉండాలి. వెలుగు వేరే వైపు నుంచి పడితే గుంట బుడిపెలా, బుడిపె గుంటలా కనిపిస్తుంది. నమూనా ఒక్కటే ఉంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నకలు తీసుకున్నాకే బ్లేడు దగ్గరికి తీసుకెళ్ళండి.

బయటి రూపం: చూడండి, నమ్మకండి

ఒంటరి పగడమా, గుంపు పగడమా అన్నది మొదటి ప్రశ్న. ఒంటరిదైతే ఆకారం రాయండి: కొమ్ములా వంగిందా, నిటారు స్తంభమా, బిళ్ళలా ఉందా. గుంపుదైతే ఒక్కో జీవి కట్టుకున్న గొట్టాన్ని కొరలైట్ అంటారు. కొరలైట్లు విడివిడిగా పక్కపక్కన లేచాయా, చెట్టులా కొమ్మలేశాయా, ఒకదాన్నొకటి ఒరుసుకుని గోడలు పంచుకున్నాయా, గోడలే చెరిగిపోయి వంకరటింకర లోయల్లా కలిసిపోయాయా చూడండి. గోడలు పంచుకున్న రకాన్ని సెరియాయిడ్ అనీ, లోయల్లా కలిసిన దాన్ని మియాండ్రాయిడ్ అనీ అంటారు. విడివిడి గొట్టాలు సమాంతరంగా లేస్తే ఫేసిలాయిడ్. గుండ్రటి కప్పులు వేరువేరుగా నిలబడి, వాటి మధ్య ఖాళీని వేరే కట్టడం నింపితే ప్లోకాయిడ్.

ఈ పేర్లు రాయండి గానీ, వీటితోనే జాతి తేల్చేయకండి. పగడం స్థలాన్ని బట్టి, వెలుతురును బట్టి, నీటి ఒరవడిని బట్టి రూపం మార్చుకుంటుంది. అలలు కొట్టే చోట ముద్దగా పెరిగిన జాతే, నీరు నిలకడగా ఉన్న లోతులో పలకలా పరుచుకోవచ్చు. డెవోనియన్ కాలపు కాల్సియోలా సాండాలినా అనే రుగోసా పగడానికి పైన మూత కూడా ఉంటుంది. అందుకే దాన్ని చాలాకాలం చిప్పల జీవి అనుకున్నారు. పైపైన చూసి తేల్చేస్తే ఇలాగే ఉంటుంది.

మరో మోసం బ్రయోజోవా, గుంపులుగా బతికే వేరే రకం చిన్న జీవులు. దాని గొట్టాలు సాధారణంగా ఒక మిల్లీమీటరు కన్నా బాగా చిన్నవి, వాటిలో సెప్టా, అంటే పగడం గొట్టం లోపలుండే నిలువు పలకలు, ఉండవు. కీటీటెస్ అనే సన్నటి గొట్టాల గుంపును ఒకప్పుడు ట్యాబులేట్ పగడాల్లో వేశారు. ఇప్పుడది స్పాంజి వర్గంలో ఉంది. పాత పుస్తకాలు చదువుతున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కోత, పీల్: అసలు పని ఇక్కడే

పగడం జాతి దాని అడ్డకోతలోనే తెలుస్తుంది. నిలువుకు సరిగ్గా అడ్డంగా ఒక కోత, నడిమి గుండా నిలువుగా ఒక కోత, కనీసం ఈ రెండూ కావాలి. కాలేజీలో రాక్ కటర్ పాడైతే గ్రానైట్, టైల్స్ కోసే షాపువాడిని అడగండి. డైమండ్ బ్లేడు, నీళ్ళు అక్కడ ఎలాగూ ఉంటాయి. మీరు మాత్రం పక్కనే నిలబడి, పెన్సిల్‌తో గీసిన గీత మీదే కోయించాలి. కోత ఏటవాలుగా పోతే గుండ్రటి కొరలైట్ కోడిగుడ్డులా కనిపించి, కొలతలన్నీ తప్పుతాయి.

పలుచటి స్లైడు చేయించే సౌకర్యం ఉంటే మంచిదే. రాయిని 0.03 మిల్లీమీటర్ల దాకా అరగదీస్తారు. పగడాలకు కాస్త మందంగా ఉన్నా పర్వాలేదు. లేకపోతే అసిటేట్ పీల్ చేయండి, అంటే కోసిన ముఖాన్ని పలుచటి ప్లాస్టిక్ షీటు మీద అచ్చు తీయడం. ఖర్చు తక్కువ, ఒకే నమూనా మీద మళ్ళీ మళ్ళీ చేయొచ్చు. కోసిన ముఖాన్ని గాజు పలక మీద నీళ్ళతో, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే వాటర్ పేపర్‌తో రుద్దండి. 220 నెంబరుతో మొదలుపెట్టి 400, 600, 1000 వరకు వెళ్ళాలి. నెంబరు మార్చిన ప్రతిసారీ రాయిని బాగా కడగాలి. లేకపోతే పాత గరుకు రవ్వ ఒకటి మిగిలి, ముఖం మీద గీత పెడుతుంది. తర్వాత సుమారు 5 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొన్ని సెకన్లు ముంచి తీసి, మంచినీళ్ళలో కడిగి, ముఖాన్ని ముట్టుకోకుండా ఆరబెట్టండి. వేలు తగిలితే ఆ జిడ్డు కూడా పీల్ మీదకొస్తుంది. యాసిడ్ కలిపేటప్పుడు నీళ్ళలో యాసిడ్ పోయాలి గానీ, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు.

ఆరిన ముఖాన్ని పైకి సమంగా పెట్టి, అసిటోన్ పోసి, వెంటనే అసిటేట్ షీటును ఒక అంచు నుంచి మెల్లగా వాల్చండి. కింద గాలి బుడగ చిక్కకూడదు. ఓ అరగంట తర్వాత, పూర్తిగా ఆరిందని నమ్మకం కలిగాక, ఒక మూల నుంచి లాగితే రాయి ముఖంలోని ప్రతి పలకా షీటు మీద అచ్చుపడి వస్తుంది. రెండు గాజు స్లైడ్ల మధ్య పెట్టి అంచులకు టేపు వేయండి. స్టేషనరీ షాపులో ఓహెచ్‌పీ షీటు అని అమ్మేది చాలావరకు పాలియెస్టర్. దాన్ని అసిటోన్ ఏమీ చేయలేదు, పీల్ రాదు. కొనే ముందు ఒక మూల చుక్క అసిటోన్ వేసి చూడండి. మెత్తబడి జిగురైతే అసిటేట్. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పని చేయండి. పొడి రాయిని ఎప్పుడూ రుద్దకండి, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రుగోసా కొమ్ము అయితే ఒక్క కోత సరిపోదు. కొన దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెం అరగదీస్తూ వరుసగా పీల్స్ తీయాలి. చిన్నప్పుడు ఎన్ని పలకలు, తర్వాత ఎక్కడెక్కడ కొత్తవి పుట్టాయి అన్నది అలాగే తెలుస్తుంది. ఓపిక కావాల్సిన పని. కానీ రుగోసాను రుగోసా అని రుజువు చేసేది ఇదే.

కోతలో ఏం చూడాలి

కప్పు అంచు నుంచి నడిమికి సాగే నిలువు పలకలను సెప్టా అంటారు. అడ్డకోతలో నిమ్మకాయను అడ్డంగా కోసినట్టు గీతలు కనిపిస్తాయి. లెక్కపెట్టండి. స్క్లెరాక్టీనియాలో అవి వలయాలుగా పుడతాయి: ముందు 6, మళ్ళీ 6, తర్వాత 12, తర్వాత 24. నాలుగు వలయాలు పూర్తయితే మొత్తం 48. మీకు 40 వస్తే నాలుగోది పూర్తి కాలేదని రాయాలి గానీ, లెక్క సర్దుబాటు చేయకూడదు. కొన్ని జాతుల్లో ఆరుకు బదులు ఎనిమిది, పది లెక్కన కూడా పుడతాయి. రుగోసాలో తొలి ఆరు పలకల తర్వాత కొత్తవి నాలుగు చోట్లే పుడతాయి. అందుకే కోత చుట్టూ సమానంగా కాకుండా, కుడి ఎడమలుగా పంచినట్టు ఉంటుంది. పెద్ద పలక, చిన్న పలక ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఒకవైపు పలక పొట్టిదై అక్కడ ఖాళీ గుంట కనిపిస్తే దాన్ని ఫాసులా అంటారు. ట్యాబులాటాలో సెప్టా ఉండవు, లేదా ముళ్ళలా చిన్నగా ఉంటాయి. నిలువు కోతలో గొట్టానికి అడ్డంగా వేసిన అరలు, అంటే ట్యాబులాలు మాత్రం స్పష్టంగా ఉంటాయి. ఫేవొసైట్స్ లాంటి వాటిలో పక్కపక్క గొట్టాల గోడల్లో రంధ్రాలు కూడా ఉంటాయి. ట్యాబులాటా అన్నీ గుంపు పగడాలే.

నడిమి కడ్డీ ఉందా? అది ఒక పలక పొడుచుకొచ్చి ఏర్పడిందా, చాలా పలకల కొసలు అల్లుకుని ఏర్పడిందా? అంచు దగ్గర డిస్సెపిమెంట్లు అనే చిన్న చిన్న వంపు పలకల వరస ఎంత వెడల్పు ఉంది? 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఎన్ని ట్యాబులాలు? ఇవన్నీ నిలువు కోతలో చూసి రాసుకోవాలి.

రాయి ఏ ఖనిజం అన్నదీ ముఖ్యమే. రుగోసా, ట్యాబులాటా అస్థిపంజరం కాల్సైట్. స్క్లెరాక్టీనియాది అరగొనైట్, ఇది కాలక్రమంలో కాల్సైట్‌గా మారిపోతుంది. మారేటప్పుడు పలక లోపలి సన్నటి నార నిర్మాణం చెరిగిపోతుంది. అందుకే 40 కోట్ల ఏళ్ళనాటి రుగోసా ఒక్కోసారి 10 కోట్ల ఏళ్ళ స్క్లెరాక్టీనియా కన్నా స్పష్టంగా కనిపిస్తుంది. మీ నమూనాలో నార కనిపించకపోతే అలాగే రాయండి. పుస్తకంలో బొమ్మ చూసి "లోపల ఇలా ఉండేది" అని ఊహించి రాసే అలవాటు మన డిజర్టేషన్లలో ఎక్కువైంది, నాకది అసలు నచ్చదు.

బయటి పొర బాగా నిలిచిన రుగోసా మీద సన్నటి గీతలు కనిపిస్తే వాటినీ ఫోటో తీయండి. 1963లో జాన్ వెల్స్ అనే ఆయన డెవోనియన్ పగడాల మీద ఏటా పడే పెద్ద గీతల మధ్య సన్నటి రోజు గీతలను లెక్కపెట్టి, అప్పట్లో ఏడాదికి సుమారు 400 రోజులుండేవని చూపించారు. భూమి అప్పుడు ఇంకా వేగంగా తిరిగేది కాబట్టి రోజు చిన్నది. జాతి వర్ణనకు ఇది అవసరం లేదు గానీ, అలాంటి నమూనా చేతికొస్తే పాలిష్ చేసి చెడగొట్టకండి.

కొలవడం, రాయడం

కొరలైట్ వ్యాసం, పక్కపక్క కొరలైట్ల కేంద్రాల మధ్య దూరం, సెప్టా సంఖ్య, డిస్సెపిమెంట్ల వరస వెడల్పు. ఫోటోలో స్కేలు ఉంటే ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హాయిగా కొలుచుకోవచ్చు. ఒక గుంపులో ఒకే కొరలైట్ కొలిచి వదిలేయకండి. ఎదిగిన వాటిని కనీసం ఇరవై కొలవండి, కొత్తగా మొగ్గ తొడిగిన చిన్నవాటిని విడిగా రాయండి. వ్యాసం ఒకవైపు, సెప్టా సంఖ్య ఒకవైపు పెట్టి గ్రాఫు గీస్తే, మీ చేతిలో ఉన్నది ఒక జాతా రెండా అన్నది చుక్కలు పడిన తీరులోనే చాలావరకు తెలిసిపోతుంది. పిల్ల పగడాన్ని ఒక జాతిగా, ఎదిగిన దాన్ని ఇంకో జాతిగా పేర్లు పెట్టిన ఉదంతాలు పాత రచనల్లో ఉన్నాయి.

"కొరలైట్లు మధ్యస్థ సైజులో, అందంగా అమర్చినట్టు ఉన్నాయి" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. పద్ధతి కోసం కల్పించిన ఒక నమూనా వాక్యం చూడండి: "గుంపు ముద్దగా, సెరియాయిడ్. కొరలైట్లు ఐదు లేదా ఆరు మూలలవి. కేంద్రాల మధ్య దూరం 4.2 నుంచి 5.6 మిల్లీమీటర్లు, సగటు 4.9, కొలిచినవి 25. సెప్టా మూడు పూర్తి వలయాలు, నాలుగోది అసంపూర్ణం. మొదటి వలయం పలకలే నడిమి కడ్డీని తాకుతాయి." మీ రాయిని ఎన్నడూ చూడని మనిషి ఇది చదివి, తన చేతిలో ఉన్నది అదా కాదా చెప్పగలగాలి. పేరు ఇంకా రాలేదని గమనించండి. వర్ణన పూర్తిగా రాశాకే పేరు వెతకండి. పేరు ముందే అనుకుంటే కళ్ళు ఆ పేరుకు సరిపడేవే చూస్తాయి.

పేరు వెతకడం

దక్షిణాది క్రెటేషియస్ పగడాల మీద స్టొలిచ్కా 1873లో రాసిన గ్రంథం, కచ్ఛ్ జురాసిక్ పగడాల మీద గ్రెగరీ 1900లో రాసింది, రెండూ భారత భూగర్భ సర్వే వారి పాలియంటాలజియా ఇండికా వరసలో వచ్చాయి. ముందు అవి తీయండి. బొమ్మలు బాగుంటాయి గానీ, వాటిలోని ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) పేర్లు చాలావరకు ఆ తర్వాత మారాయి. కాబట్టి పాత పేరుతో మొదలుపెట్టి, ఆ పేరును తర్వాత ఎవరెవరు ఎలా వాడారో ఏళ్ళ వరుసలో రాసుకోండి. దీన్నే సినానిమీ అంటారు. బోరుగా ఉంటుంది, తప్పదు.

పై వర్గాల విషయంలో మరీ గట్టిగా పట్టుబట్టకండి. 2004లో జన్యు పరిశోధన చేసినవాళ్ళు అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల్లో ఒకే కుటుంబమని చాలాకాలంగా అనుకున్న పగడాలు నిజానికి దూరపు బంధువులని చూపించారు. రూపం ఒకటే అయినా వంశం వేరు. శిలాజంలో జన్యువులు దొరకవు కాబట్టి మనకు మిగిలింది పలకల సూక్ష్మ నిర్మాణమే. అది చెరిగిపోయిన నమూనాను కుటుంబం దాకా తేల్చి, ఆపైన అనుమానం రాయడం మర్యాద.

అనుమానం రాయడానికీ పద్ధతి ఉంది. ప్రజాతి తెలిసి జాతి తేలకపోతే ప్రజాతి పేరు పక్కన "ఎస్‌పీ" (sp.) అని పెడతారు. తెలిసిన జాతిలాగే ఉంది, నమూనా చెడిపోయి ఖాయంగా చెప్పలేమంటే "సీఎఫ్" (cf.). దగ్గరి చుట్టమే గానీ వేరని నమ్మకముంటే "ఎఎఫ్‌ఎఫ్" (aff.). మొదటి నమూనాకే కొత్త జాతి ప్రకటించాలని తహతహలాడేవాళ్ళకు నేను చెప్పేది, సీఎఫ్ అని రాసి రెండో నమూనా కోసం ఆగమని.

కొత్తదే అయితే

జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. 1758 నాటి లినేయస్ పుస్తకం నుంచి లెక్క మొదలవుతుంది, చెల్లుబాటుగా ముందు పెట్టిన పేరుదే హక్కు. 1999 తర్వాత పెట్టే కొత్త జాతికి టైప్ నమూనా, మామూలుగా హోలోటైప్, అంటే ఆ పేరును మోసే ఒకే ఒక నమూనా ఏదో స్పష్టంగా చెప్పాలి. అది ఏ సంస్థలో ఉందో, ఉండబోతోందో రాయాలి. మిగతా నమూనాలు పారాటైప్‌లు. పత్రిక ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తుంటే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి.

కొత్త జాతికి రెండు రాతలు కావాలి. ఒకటి డయాగ్నోసిస్: దగ్గరి జాతుల నుంచి దీన్ని వేరుచేసే లక్షణాలు మాత్రమే, నాలుగైదు వరుసల్లో. రెండోది పూర్తి వర్ణన. రెండింట్లోనూ ఒకే మాటలు రాస్తే మొదటిది రాయనట్టే లెక్క.

పేరు ఊరిమీద పెట్టొచ్చు. ప్రాణహిత అవతలి డైనోసార్ కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్‌లో కోట అన్నది శిలల పేరు, యామన్‌పల్లి ఊరు. మనిషి పేరైతే లింగాన్ని బట్టి చివర మారుతుంది. ఊరి పేరు చివర కూడా ప్రజాతి లింగాన్ని అనుసరించాలి, కొన్నిటికి ఎన్సిస్, కొన్నిటికి ఎన్సే. నియమావళి ఆపకపోయినా, మీ పేరు మీరే పెట్టుకుంటే నవ్వుతారు.

వ్యాసం పంపే ముందే హోలోటైప్‌ను రిజిస్టరున్న మ్యూజియంలో అప్పగించి నెంబరు తీసుకోండి. స్టొలిచ్కా వర్ణించిన అసలు నమూనాలు కోల్‌కతాలో భూగర్భ సర్వే దగ్గర ఉన్నాయి, ఇన్నేళ్ళ తర్వాతా వెళ్ళి పోల్చుకోవచ్చు. డిపార్ట్‌మెంట్ బీరువాలో పెడతామంటే, తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో, ఆయన రిటైరయ్యాక ఎవరికిస్తారో ముందే అడగండి. రాయి ఒక్కటే కాదు, దాన్నుంచి తీసిన స్లైడ్లు, పీల్స్, కోతలో మిగిలిన ముక్కలు కూడా అదే నెంబరు కింద ఎ, బి, సి అని రాసి ఒకే పెట్టెలో ఇవ్వాలి.